కారు వెనక సైకిళ్లు: హిచ్ బిగించే ముందు

ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా ఆరు వరుసల రహదారి పడ్డాక సబ్బవరం వాళ్లకు దిక్కులన్నీ దగ్గరయ్యాయి. విశాఖ నగరంలో అడుగు పెట్టకుండానే ఎటు కావాలంటే అటు పోవచ్చు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా అరకు ఘాట్. పడమటికి తిరిగితే చోడవరం, నర్సీపట్నం దాటి లంబసింగి. ఆనందపురం దాకా వెళ్లి తూర్పుకు మళ్లితే భీమిలి, సముద్రం ఒడ్డు రోడ్డు. సరదాకి సైకిలు తొక్కేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? చిక్కల్లా ఆ తొక్కే చోటికి చేరడంలోనే ఉంది. ఊచలు మోసే లారీలు, కంటెయినర్ల పక్కన హైవే మీద తొక్కడం ఎవరికీ సరదా కాదు. ఎస్.కోట దాకా కారులో వెళ్లి, అక్కడ సైకిలు దించుకుని, ఘాట్ ఎక్కి దిగి, మళ్లీ కారుకి ఎక్కించుకుని రావడం తెలివైన పని. ఆ సైకిలు కారుకి దేని మీద ఎక్కాలన్నదే ఈ వ్యాసం తేల్చుకోవాల్సిన సంగతి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇదసలు సమస్యే కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఎస్‌యూవీ కొన్న తెలుగు కుటుంబం పిల్లల సైకిళ్లు తీసుకెళ్లాలనుకుంటే బండిని యూ-హాల్ దుకాణానికి తోలుకెళ్తుంది. ఇళ్లు మారేవాళ్లకు ట్రైలర్లు అద్దెకిచ్చే వ్యాపారంగా 1945లో మొదలైన కంపెనీ అది. బండ్లకు హిచ్‌లు బిగించడం వాళ్లకు రోజువారీ పని. విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టిన కర్ట్ లాంటి తయారీదార్లు మోడల్ మోడల్‌కీ, ఏడాది ఏడాదికీ విడి హిచ్ తయారుచేసి పెడతారు. బోల్టులు ఏ రంధ్రంలోకి వెళ్లాలో, ఎంత బిగువు పట్టాలో కాగితం మీద ఉంటుంది. అలాంటి ఊరి నుంచి సంక్రాంతికి ఇంటికొచ్చిన అన్న, తమ్ముడి క్రెటా వెనక వంగి చూసి, ‘దీనికి హిచ్ లేదేంట్రా’ అంటాడు. ‘ఆటోనగర్లో ఏయించేద్దాం అన్నియ్యా’ అని తమ్ముడి జవాబు. ఇద్దరి మాటా సబబుగానే వినిపిస్తుంది. కానీ ఆ ప్రశ్నకీ ఈ జవాబుకీ మధ్య చాలా దూరం ఉంది.

ముందు వస్తువు సంగతి. హిచ్ అంటే వెనక బంపరు కింద, చాసిస్ పట్టీల కొసలకు అడ్డంగా బోల్టులతో బిగించే ఉక్కు దూలం. దాని నడుమ వెనక్కి నోరు తెరుచుకుని ఒక చదరపు గూడు ఉంటుంది. సైకిల్ స్టాండు కాడ ఆ గూట్లోకి దూరుతుంది, అడ్డంగా ఒక పిన్ను పడుతుంది. ఇది అమెరికా పద్ధతి. గూడు కొలతలు ముఖ్యంగా రెండు: అంగుళంపావు, రెండంగుళాలు. మొదటి దానికి 12.7 మిల్లీమీటర్ల పిన్ను, రెండో దానికి 15.9 మిల్లీమీటర్ల పిన్ను. తరగతుల లెక్కలో క్లాస్ 1 హిచ్ నిలువుగా మోసే బరువు సుమారు 90 కిలోలు, క్లాస్ 2 సుమారు 160 కిలోలు, రెండంగుళాల గూడుండే క్లాస్ 3కి మామూలుగా 225 కిలోలు, ఆ పైన. యూరప్ దారి వేరు. జర్మనీ కంపెనీ వెస్ట్‌ఫాలియా 1930లలో వాడుకలోకి తెచ్చిన గుండు పద్ధతి అక్కడ స్థిరపడింది. కారు వెనక 50 మిల్లీమీటర్ల ఉక్కు గుండు ఉంటుంది, సైకిల్ స్టాండు వచ్చి దాన్నే గట్టిగా కరుచుకుంటుంది. ఆ గుండు మీద ఎంత బరువు పెట్టొచ్చో దాని పక్కనున్న రేకు మీదే చెక్కి ఉంటుంది. చాలా కార్లకు అది 50 నుంచి 100 కిలోల మధ్య.

మన అవసరానికి ఏది మేలంటే, రెండంగుళాల గూడు. స్టాండు దానిలో మెలి తిరగదు. దిగుమతై వచ్చే మంచి స్టాండ్లలో ఎక్కువ వాటికి అదే కాడ. అంగుళంపావు గూటికి స్టాండ్లు దొరికినా, మన గతుకుల మీద సన్నకాడ ఊగడం చూస్తే వెనక వచ్చేవాడికి గుండె ఝల్లుమంటుంది. అలాగని హిచ్ మీద పెద్ద అంకె ఉంది కదా అని ధైర్యపడటానికీ లేదు. హిచ్, స్టాండు, కారు – ఈ మూడింటిలో ఏది తక్కువ మోస్తుందో అదే మీ లెక్క. మన దేశంలో ఆ మూడో అంకె చాలా కార్లకు మాన్యువల్‌లో కనిపించదు. అసలు తగవంతా అక్కడే.

ఇక్కడ ఒక పొరపాటును మొదట్లోనే కొట్టేయాలి. బంపరు మీద చిన్న చదరపు మూత తీస్తే లోపల మరచుట్లున్న రంధ్రం కనిపిస్తుంది. టూల్ కిట్‌లో వచ్చే కొక్కేన్ని అందులో తిప్పి, ఆగిపోయిన బండిని తాడుతో లాగుతారు. అది హిచ్ కాదు. వెనక్కి లాగే బలానికి తప్ప కిందికి వేలాడే బరువుకు దాన్ని తయారుచేయలేదు. పైగా అది చాలా బండ్లకు మధ్యలో ఉండదు, ఓ పక్కకు ఉంటుంది. దానికే గొట్టం అతికించి సైకిల్ స్టాండు చేసిపెడతామనే దుకాణం ఎదురైతే దణ్ణం పెట్టి వచ్చేయండి.

బండి కింద ఏముంది

ఎస్‌యూవీ అని అమ్మేవన్నీ ఒక జాతివి కావు. మహీంద్రా స్కార్పియో-ఎన్, థార్, బొలెరో, టొయోటా ఫార్చ్యూనర్, మారుతీ జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా, ఇసుజు వి-క్రాస్ – వీటికి కింద నిచ్చెన లాంటి విడి చాసిస్ ఉంటుంది. క్రెటా, సెల్టోస్, హారియర్, సఫారీ, ఎక్స్‌యూవీ 700, నెక్సాన్, బ్రెజా – వీటికి ఒళ్లే చాసిస్. రేకును మడతలు పెట్టి అతికించిన మోనోకాక్ నిర్మాణం. మొదటి రకానికి హిచ్ బిగించడం తేలిక. మందపాటి పట్టీలు వెనక కొస దాకా వస్తాయి, బోల్టు పట్టడానికి చోటుంటుంది.

రెండో రకానికి హిచ్ పనికిరాదని చాలామంది తీర్పు చెప్పేస్తారు. అది సగం నిజం. అమెరికా రోడ్ల మీద హోండా సీఆర్‌వీ, టొయోటా ర్యావ్4 మోనోకాక్ బండ్లే, వాటికి శుభ్రంగా హిచ్‌లున్నాయి. తేడా ఎక్కడంటే, ఆ బండ్లను గీసినప్పుడే వెనక పట్టీల్లో హిచ్ బోల్టులకు చోటు చూసి పెట్టారు, బరువు అంకె చెప్పారు. మన దగ్గర అమ్మే మోనోకాక్ బండ్లలో ఆ చోటుందా లేదా అన్నది కంపెనీ సర్వీసు సెంటరు నోట కాదు, రాతలో రాబట్టాలి. లేదంటే ఆ బండికి హిచ్ ఆలోచనే మానుకోవాలి.

ఎగుమతుల వైపు చూస్తే ఈ సంగతి ఇంకా విచిత్రంగా కనిపిస్తుంది. పుణె పక్కన చాకన్‌లో తయారయ్యే స్కార్పియో-ఎన్, ఆస్ట్రేలియాకు వెళ్లి స్కార్పియో పేరుతో అమ్ముడుపోతోంది. బ్రేకులున్న ట్రైలరునైతే 2,500 కిలోల దాకా లాగొచ్చని అక్కడ కంపెనీయే ప్రకటిస్తుంది. టో బార్‌ను కంపెనీ ఉపకరణంగానే ఇస్తుంది. ఐదు తలుపుల జిమ్నీ గురుగ్రామ్‌లో తయారై ఆస్ట్రేలియాకు, 2025 నుంచి జపాన్‌కు కూడా వెళ్తోంది. అంటే బండి తాహతు గురించి తయారుచేసిన వాళ్లకు తెలుసు, లెక్కలు వాళ్ల దగ్గరున్నాయి. సబ్బవరంలో కొన్నవాడి చేతికే ఆ కాగితం రాదు. విడి చాసిస్ బండి ఉన్నవాళ్లు వెతకాల్సింది ఈ ఎగుమతి మోడళ్లకు చేసిన హిచ్‌నే. అదే చాసిస్, అదే తరం అని చూసుకున్నాకే డబ్బు కట్టాలి. చక్రాల మధ్య దూరం మారినా, తరం మారినా రంధ్రాలు కలవవు.

వెనక తలుపు తెరుచుకునే తీరు కూడా ముందే చూసుకోవాలి. స్కార్పియో-ఎన్, థార్, జిమ్నీ, గూర్ఖాలకు వెనక తలుపు పక్కకు తెరుచుకుంటుంది. సైకిళ్లు తగిలించాక ఆ తలుపు కదలదు. పైకి లేచే తలుపున్న బండికి స్టాండును వెనక్కి వంచితే చాలు, పక్కకు తెరుచుకునే దానికి ఆ వంపు కూడా చాలకపోవచ్చు. ఎస్.కోటలో టిఫిన్ల దగ్గర ఆగి, వెనకున్న నీళ్ల సీసా కోసం రెండు సైకిళ్లూ దించాల్సి వస్తే ఆ సరదా మొదటి రోజుతోనే తీరుతుంది.

యాభై కిలోలంటే యాభై కాదు

రెండు సైకిళ్లు తలా 15 కిలోలు, స్టాండు 20 కిలోలు అనుకుందాం. మొత్తం 50. ఇంటికి అంతకంటే బరువైన బియ్యం బస్తాలే డిక్కీలో వేసుకొస్తాం కదా అనిపిస్తుంది. డిక్కీలో వేసినది చక్రాల మధ్యలోనో, కాస్త వెనకో ఉంటుంది. ఇది వెనక ఇరుసుకు మీటరున్నర దూరంలో గాల్లో వేలాడుతుంది. చక్రాల మధ్య దూరం 2.6 మీటర్లున్న బండికి, ఇరుసు వెనక 1.4 మీటర్ల దూరంలో ఈ 50 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద సుమారు 77 కిలోలు పడతాయి. ముందు ఇరుసు మీద సుమారు 27 కిలోలు తేలుతాయి. ఏతం ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అనంతగిరి మలుపుల్లో స్టీరింగు కొంచెం తేలిగ్గా అనిపిస్తే కారణం ఇదే. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, పైన ఇది కూడా అయితే వెనక స్ప్రింగులు కూర్చుండిపోతాయి.

ఈ లెక్క నిలబడి ఉన్న బండికి. గతుకులో చక్రం పడి లేచినప్పుడు అదే బరువు రెండింతలు, మూడింతలుగా బోల్టుల మీద గుంజుతుంది. ఆ గుంజుడు ఒకసారి కాదు, దారి పొడవునా వేల సార్లు. ఉక్కు ఒక్క దెబ్బకు విరగడం అరుదు. పదే పదే వంగి, అతుకు పక్కన సన్నటి చీలిక మొదలై, ఒకరోజు ఊడిపోతుంది. అందుకే తయారీదార్లలో చాలామంది మట్టి రోడ్డు మీద స్టాండు మోసే బరువును బాగా తగ్గించి చెబుతారు. నలుగురి సైకిళ్లు పట్టే స్టాండు అని రాసి ఉన్నా, మన ఘాట్ రోడ్లకు రెండు దాటకపోవడం మంచిది. బ్యాటరీ సైకిలైతే ఒక్కోటి 20, 25 కిలోలు తూగుతుంది. బ్యాటరీ ఊడదీసి కారులో పెట్టుకోవాలి.

స్టాండ్లలో రెండు జాతులున్నాయి. సైకిలు పై గొట్టాన్ని చేతుల మీద వేలాడదీసేది ఒకటి, చక్రాల కింద తొట్టిలా ఉండి నిలబెట్టేది ఒకటి. వేలాడదీసేది తేలిక, చవక. అయితే పై గొట్టం లేని ఆడపిల్లల సైకిలు, చిన్నపిల్లల సైకిలు దాని మీద కుదరవు, రెండు సైకిళ్లూ దారంతా ఒకదాన్నొకటి గీక్కుంటాయి. నిలబెట్టే రకం బరువెక్కువ, ధరా ఎక్కువ, పని మాత్రం నమ్మకం. అందులోనూ ముందు చక్రాన్ని పైనుంచి కొక్కెంతో అదిమే నమూనాలు మడ్‌గార్డు లేని సైకిళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. వర్షాల ఊళ్లో మడ్‌గార్డు లేని సైకిలు ఎవరుంచుకుంటారు? మనం గొట్టాన్ని పట్టుకునే బిగింపు ఉన్నదే ఎంచుకోవాలి. సైలెన్సరు గొట్టం నోటికి ఎదురుగా ఏ టైరూ రాకుండా చూసుకోవాలి. గంటసేపు వేడి పొగ తగిలితే రబ్బరు మెత్తబడి పాడవుతుంది.

చట్టం ఎంతవరకు

సైకిల్ స్టాండు చక్రాలున్న ట్రైలరు కాదు కాబట్టి దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గొడవంతా మిగతా మూడింటితో.

మొదటిది బండిని మార్చడం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు, తయారీదారు మొదట చెప్పిన దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నొక్కి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకూ యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బంపర్ల ముందు బిగించే బుల్ బార్లను పట్టుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. మరి హిచ్ దీనిలోకి వస్తుందా? మార్పు అంటే బండి నిర్మాణంలో, దాని మూల స్వరూపం మారేలా చేసే మార్పు అని 52వ సెక్షన్ వివరణ. నా మటుకు, కంపెనీ ఇచ్చిన రంధ్రాల్లోకి బోల్టులతో బిగించి, విప్పితే బండి మునుపటిలా మిగిలే హిచ్‌ను సమర్థించుకోవచ్చు. చాసిస్‌కు వెల్డింగ్ పెట్టి, బంపరు దూలాన్ని కోసి చేసినదాన్ని సమర్థించడం కష్టం. రోడ్డు మీద ఆపిన అధికారితో ఈ సెక్షన్ల వాదన పెట్టుకోవడం దండగ. హిచ్ బిల్లు, కంపెనీ కాగితం బండిలో ఉంచుకోవడం, బీమా కంపెనీకి ముందే రాసి తెలపడం అంతకన్నా పనికొస్తాయి.

రెండోది పక్కలకు పొడుచుకు రావడం. దీని గురించి ఎవరూ మాట్లాడరు కానీ నా దృష్టిలో ఇదే పెద్దది. అనుమతించిన హద్దు దాటి పక్కలకో వెనక్కో బరువు పొడుచుకొస్తే 194వ సెక్షన్‌లో కొత్తగా చేర్చిన నిబంధన కింద జరిమానా ఇరవై వేలు. లారీల వెనక ఇనుప ఊచలు బయటకు వేలాడి ప్రాణాలు తీసిన దేశం మనది. 2014లో కేంద్రం వాటిని నిషేధించాల్సి వచ్చింది. ఉక్కు లారీలు తిరిగే గాజువాక దారిలో పెరిగినవాళ్లకు ఆ భయం కొత్త కాదు. సైకిలును కారు వెనక అడ్డంగా పెడతాం. దాని పొడవు ఎంత? మామూలు హైబ్రిడ్ సైకిలు రెండు ఇరుసుల మధ్య సుమారు 1.06 మీటర్లు, చక్రం ఎత్తు సుమారు 0.69. కలిపితే 1.75 మీటర్లు. 29 అంగుళాల కొండ సైకిలైతే 1.88 దాకా వస్తుంది. ఇప్పుడు కార్ల వెడల్పులు చూడండి: జిమ్నీ 1.645 మీటర్లు, క్రెటా 1.79, థార్ 1.82, ఫార్చ్యూనర్ 1.855, స్కార్పియో-ఎన్ 1.917, హారియర్ 1.922. జిమ్నీ వెనక మామూలు సైకిలు కూడా చెరో పక్క ఐదేసి సెంటీమీటర్లు బయటికొస్తుంది. కొండ సైకిలైతే పన్నెండేసి. క్రెటా వెనక హైబ్రిడ్ సైకిలు సరిపోతుంది, కొండ సైకిలు సరిపోదు. బయటికొచ్చిన చక్రం డ్రైవరుకి అద్దంలో కనబడదు, పక్కనుంచి దూసుకొచ్చే మోటారు సైకిలు వాడి మోకాలికి మాత్రం తగులుతుంది. మందు సులువే: ముందు చక్రం ఊడదీసి డిక్కీలో పెట్టుకోండి. అప్పుడు ముందు చక్రం తొట్టికి బదులు ఫోర్కును పట్టే బిగింపు కావాలి. కొనేటప్పుడే అడగాలి.

మూడోది నంబరు పలక, దీపాలు. 2019 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బండ్లన్నిటికీ ఊడదీయరాని తాళంతో హై సెక్యూరిటీ పలకలు. సైకిళ్లు దాన్ని కప్పేస్తే చలానా తప్పదు. యూరప్‌లో స్టాండు మీదే మరో పలక, దీపాల వరుస ఉంటాయి. ప్లగ్గు పెడితే బ్రేకు లైటు అక్కడా వెలుగుతుంది. ఆ దీపాల పట్టీ మనమూ పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. పలక మాత్రం రంగుతో రాయించి తగిలిస్తే చెల్లదు. కాబట్టి పలక పూర్తిగా కనిపించేలా స్టాండు ఎత్తు సర్దుకోవడమే ఉన్న దారి. పలక తలుపు మీద ఎత్తుగా ఉన్న బండ్లలో ఇది దాదాపు అసాధ్యమని ఒప్పుకోవాలి. తలుపు మూసి, స్టాండు ఉత్తిదే అమర్చి, సైకిళ్లు పెట్టి, పది అడుగులు వెనక్కెళ్లి చూసి అప్పుడు డబ్బు చెల్లించండి.

వెనక పార్కింగ్ సెన్సర్లు 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. స్టాండు పెట్టిన క్షణం నుంచి రివర్సు వేస్తే అవి మోగుతూనే ఉంటాయి. కొన్ని కొత్త బండ్లలో బంపరు మూలల్లో రాడారు కూడా ఉంటుంది. దాని ఎదుట లోహం పెడితే పక్క లేన్ హెచ్చరిక పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది.

బిగించడం

బిగించే పని బయటికి కనిపించేంత మోటు కాదు. బండిని ఎత్తి, కింద వేలాడే స్టెప్నీ ఉంటే దించుతారు. సైలెన్సరును పట్టుకున్న రబ్బరు కొక్కేలకు సబ్బునీళ్లు రాసి, ఊడదీసి, గొట్టాన్ని నాలుగు వేళ్ల కిందికి దించుతారు. వేడి తగలకుండా పెట్టిన అల్యూమినియం రేకు అడ్డొస్తే కొంచెం కత్తిరిస్తారు. చాసిస్ పట్టీ లోపల బోలుగా ఉంటుంది. దానిలోకి బోల్టు ఎలా పంపాలి? చేయి పట్టదు. దీనికి చిట్కా, స్ప్రింగులా చుట్టిన సన్నటి తీగ. పట్టీ కొసనున్న పెద్ద రంధ్రంలోంచి తీగను తోసి, కావలసిన చిన్న రంధ్రంలోంచి బయటికి లాగుతారు. తీగ కొసకు బోల్టు తల కిందుగా మరచుట్లు తగిలించి, దాని మెడకు మందపాటి చదరపు బిళ్ల తొడిగి, వెనక్కి మెల్లగా లాగుతారు. బోల్టు లోపల దొర్లి, ఒక్కసారి టక్కుమని రంధ్రంలోంచి ముక్కు బయట పెడుతుంది. బిళ్ల లోపలే ఉండి బరువును పట్టీ అంతా పంచుతుంది. ఆ బిళ్ల పడిపోతే కొత్తది పెట్టాలి తప్ప వాషరుతో సరిపెట్టకూడదు. బిళ్ల లేని బోల్టు పట్టీ రేకును నొక్కి నలిపేస్తుంది.

హిచ్ బరువు దాదాపు 20 కిలోలు. ఇద్దరు పట్టుకోవాలి, మూడోవాడు నట్లు వేయాలి. బోల్టులు కనీసం 8.8 గ్రేడువి. 12 మిల్లీమీటర్ల బోల్టు సుమారు 80 న్యూటన్ మీటర్ల బిగువు కోరుతుంది. హిచ్‌తో వచ్చిన కాగితం వేరే అంకె చెబితే అదే ఖాయం. ‘చేత్తో చూసి గట్టిగా పట్టేశాను సార్’ అనే మాట ఇక్కడ ఒప్పుకోవద్దు, టార్క్ రెంచి ఉన్న చోటే బిగించండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వచ్చి బిగువు చూపించుకోవాలి. దీపాల తీగలను బండి తీగల్లోకి గిల్లి కలపడం పాత రోజుల పని. ఇప్పటి బండ్లలో లైట్లన్నీ చిన్న కంప్యూటరు నడుపుతుంది. దాని లెక్కకందని కరెంటు లాగితే తప్పు చూపిస్తుంది. మధ్యలో విడి మాడ్యూల్ పెట్టించాలి.

ఇప్పుడు ఆటోనగర్ సంగతి. గాజువాక ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టగల చేతులున్నాయి. వాళ్ల పనితనాన్ని తక్కువ చేసే ఉద్దేశం లేదు. ఉక్కు ఊళ్లో ఉన్నాం, ఇనుముకేం కొదవ అన్న మాట మాత్రం సరికాదు. విశాఖ ఉక్కు కర్మాగారం తయారుచేసేవి ఊచలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, చానెళ్లు. హిచ్‌కు కావలసిన చదరపు గొట్టం రేకును మడిచి అతికించి చేసేది. ఆ రేకు ఇక్కడ పుట్టదు, బయటి నుంచే రావాలి. దుకాణంలో దొరికే 60 మిల్లీమీటర్ల గొట్టం, 4 మిల్లీమీటర్ల మందంది తీసుకుంటే లోపల 52 మిల్లీమీటర్ల ఖాళీ. అందులో గొట్టం అతుకు గట్టు ఒక పక్క పొడుచుకుని ఉంటుంది. రెండంగుళాల కాడ అంటే 50.8. అతుకు గట్టు వైపు పట్టేస్తుంది, మిగతా వైపు ఆడుతుంది. ఆ కొంచెం ఆటే గతుకు గతుకుకూ సుత్తిదెబ్బై అతుకును తినేస్తుంది. గొట్టం నాణ్యతకు ఐఎస్ 4923 ముద్ర ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. పైగా కొత్త బండ్ల పట్టీలు గట్టిదనం కోసం ప్రత్యేకంగా తయారైన ఉక్కువి. వెల్డింగ్ వేడి తగిలిన మేర ఆ గట్టిదనం పోతుంది. దగ్గర్లో ఇంధనం ట్యాంకు, పక్కన కంప్యూటరు తీగలు సరేసరి. చాసిస్‌కు వెల్డింగ్ వద్దు, ఎంత మంచి చేయి పెట్టినా వద్దు. ఆడుతున్న కాడను బిగబట్టే పట్టీ, దీపాల బోర్డుకు ఫ్రేము, తుప్పు పట్టిన చోట గీకి జింకు రంగు వేయడం – ఈ పనులకు అదే ఆటోనగర్ బంగారం లాంటి చోటు.

తుప్పు గురించి ఒక్క మాట. సముద్రపు గాలి సబ్బవరం దాకా అంతగా రాదు కానీ బండి వారానికోసారి బీచ్ రోడ్డుకు వెళ్తుంది. నల్లటి పౌడర్ పూత చూడ్డానికి బాగుంటుంది. పిన్ను రంధ్రం దగ్గర అది మొదట రాలిపోతుంది, ఉప్పు అక్కణ్నుంచే లోపలికి దిగుతుంది. వీలైతే జింకులో ముంచి తీసినది కొనండి. ఇంటికి రాగానే స్టాండును లాగి గోడకు పెట్టండి. నెలల తరబడి గూట్లోనే ఉంచితే గూడూ కాడా ఒకటైపోతాయి, తర్వాత సుత్తి పట్టాల్సిందే.

హిచ్ లేకుండా

మిగతా దారుల్లో రూఫ్ స్టాండుకు పేరెక్కువ. నంబరు పలక కప్పదు, దీపాలు కప్పదు, పక్కలకు రాదు. చట్టం వైపు నుంచి ఇదే నిశ్చింత. అయితే మన బండ్ల మీద కనిపించే రూఫ్ పట్టాలన్నీ బరువు మోసేవి కావు, కొన్ని అలంకారానికే. మోసేవాటికైనా పై బరువు పరిమితి మాన్యువల్‌లో చూడాలి, అడ్డ కమ్మీల బరువు కూడా అందులోంచే పోతుంది. బండి ఎత్తు 1.65 మీటర్లు, సైకిలు ఇంకో 1.1 మీటర్లు. ఆదివారం అలసిపోయి వచ్చి, పైన సైకిలుందని మరిచి అపార్ట్‌మెంట్ సెల్లారులోకి దూరితే ఆ సైకిలు గతేం కాను? పదిహేను కిలోల సైకిలును తల మీదుగా ఎత్తి పెట్టడం అందరి వల్లా అయ్యే పనీ కాదు.

బెల్టులతో వెనక తలుపుకు కట్టే స్టాండు చవక. దాని కొక్కేలు తలుపు అంచులకు, స్పాయిలరుకు పడతాయి. ప్లాస్టిక్ స్పాయిలరైతే విరుగుతుంది, దుమ్ము మధ్యలో చేరి రంగు గీసుకుపోతుంది. నంబరు పలకా దీపాలూ దీనితోనూ మూసుకుపోతాయి. అప్పుడప్పుడు వాడే ఒక్క సైకిలుకైతే సర్దుకోవచ్చు. థార్, జిమ్నీ, గూర్ఖాల వాళ్లకు స్టెప్నీ మీద బిగించే స్టాండు ఉంది. తలుపుతో పాటే తెరుచుకుంటుంది, చాసిస్ జోలికి పోదు. ఆ తలుపు బిజాగ్రీలు స్టెప్నీ బరువును ఎలాగూ మోస్తున్నాయి కాబట్టి ఒక తేలికపాటి సైకిలు వరకు ఇదే నా మొదటి సలహా. రెండోది పెడితే బిజాగ్రీలు మొరాయిస్తాయి.

అన్నిటికన్నా తక్కువ ఖర్చు దారిని చాలామంది చిన్నచూపు చూస్తారు: సైకిలును కారు లోపలే పెట్టడం. వెనక సీట్లు మడిచి, రెండు చక్రాలూ ఊడదీస్తే క్రెటా లాంటి బండిలో రెండు సైకిళ్లు పడతాయి, ముందు ఇద్దరు కూర్చోవచ్చు. పాత దుప్పటి ఒకటి, చైను చుట్టూ కట్టడానికి గుడ్డ ఒకటి చాలు. తుప్పు లేదు, దొంగ లేడు, జరిమానా లేదు. నలుగురు మనుషులు, రెండు సైకిళ్లు అయితేనే దీనికి దారి మూసుకుంటుంది. హిచ్ అసలు అవసరం అక్కడ మొదలవుతుంది.

సబ్బవరం తమ్ముడికి నా తీర్పు ఇది. క్రెటా ఉంటే సైకిళ్లు లోపల పెట్టుకో. థార్ ఉంటే స్టెప్నీ స్టాండు. స్కార్పియో-ఎన్ గానీ ఫార్చ్యూనర్ గానీ ఉండి ఇంటిల్లిపాదీ కలిసి వెళ్తుంటే, ఎగుమతి మోడల్‌కు చేసిన బోల్టుల హిచ్, నిలబెట్టే స్టాండు, రెండు సైకిళ్లు, దీపాల పట్టీ. కొత్త బండి బుక్ చేసేవాళ్లు ఒక పని చెయ్యండి: అడ్వాన్సు ఇచ్చే ముందే, వెనక గూటి మీద ఎన్ని కిలోలు పెట్టొచ్చో లెటర్‌హెడ్ మీద రాసివ్వమని షోరూమును అడగండి. ఆస్ట్రేలియా వాడికి మాన్యువల్‌లో అచ్చేసి ఇచ్చే అంకెను అదే బండి కొన్న మనకూ ఇవ్వాలని అడిగేవాళ్లు పదిమంది పోగైతేనే కంపెనీలు ఇక్కడి మాన్యువల్‌లోనూ దాన్ని అచ్చేస్తాయి.